బస్సు సెక్షన్

ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న యువతీయువకులు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, విద్యా సామాజికశాస్త్రంలోని మూడు ప్రధాన సిద్ధాంతాలను పోల్చి రాయడమెలాగో చెప్పమని అడుగుతుంటారు. ఆ ప్రశ్న పరీక్షలో తప్పక వస్తుందని వారి నమ్మకం. ఆ నమ్మకంలో పొరపాటేమీ లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ ప్రశ్న ఇచ్చినవారిలో నేనూ ఒకణ్ణి. మదనపల్లెలోని మా శిక్షణ కళాశాలలో నల్లబల్ల మీద మూడు గడులు గీసి, పైన మూడు పేర్లు రాసి, వాటి కింద లక్షణాలను ఎదురెదురుగా నింపడం నా పద్ధతి. గీతలు స్కేలుతోనే గీసేవాణ్ణి. గీత వంకర పోతే ఆలోచన కూడా వంకర పోతుందని నేను అన్నట్టుగా విద్యార్థులు చెప్పుకొని నవ్వుకునేవారట. ఆ మాట నేను అన్నదే.

మొదటి గడిలో ప్రకార్యవాదం ఉండేది. సమాజంలో ఏ ఏర్పాటైనా ఏదో ఒక అవసరాన్ని తీరుస్తూ ఉండబట్టే నిలిచి ఉంటుందని, బడికి కూడా ఇదే వర్తిస్తుందని ఆ వాదం చెబుతుంది. రెండవది సంఘర్షణవాదం. ఏ ఏర్పాటునైనా చూసి, దీనివల్ల లాభపడుతున్నది ఎవరు, ఆ లాభానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరు అని అది నిలదీస్తుంది. మూడవదానికి ప్రతీకాత్మక పరస్పరచర్యావాదమని నోరు తిరగని పేరు. పేరు అంత పెద్దదైనా అది పట్టించుకునేది చిన్న సంగతులనే: మనుషులు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటున్నారు, ఆ పిలుపు విని విని తమను గురించి తాము ఏమనుకుంటున్నారు అన్నదే దాని విచారణ.

పరీక్షకు ఇంతవరకు చాలు. అయితే ఈ మూడు సిద్ధాంతాలూ ఒకే రోజున, ఒకే గదిలో, నా ఎదుట కుర్చీలు వేసుకొని కూర్చున్న సందర్భం ఒకటి ఉంది. నా దగ్గరికి వచ్చిన పిల్లలకు పట్టిక రాయించేముందు దాన్ని చెబుతాను. ఇక్కడ కూడా అదే చెబుతున్నాను.

ఆ సంవత్సరం మా విద్యార్థులను బోధనాభ్యాసం కోసం పుంగనూరులోని ఒక ఉన్నత పాఠశాలకు పంపాము. వారి పాఠాలను పరిశీలించడానికి నేను మదనపల్లె నుంచి వెళ్ళి వస్తుండేవాణ్ణి. అక్కడి ప్రధానోపాధ్యాయుడు కుప్పం ప్రాంతంవాడు. మాటలో అరవం తొంగిచూసేది, పనిలో మాత్రం ఎక్కడా తొణుకు ఉండేది కాదు. ఆయన తన కాలపట్టికను ఎర్ర సిరాతో, నీలి సిరాతో స్వయంగా రాసి, బల్ల మీది గాజు కింద పెట్టుకునేవాడు. ఆయన నాకు మొదటి రోజే నచ్చడానికి కారణం ఆ కాలపట్టికే.

పదవ తరగతిలో రెండు సెక్షన్లు. ఒకటి ఏ సెక్షన్. రెండవదాన్ని రిజిస్టరులో బి అని రాసినా నోటితో ఎవరూ అలా అనేవారు కాదు. అది బస్సు సెక్షన్. పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి ఒకే బస్సులో వచ్చే పిల్లలందరూ అందులోనే ఉండేవారు. ఆ బస్సు ఉదయం ప్రార్థన అయిపోయాక వచ్చేది. సాయంత్రం చివరి పీరియడ్ నడుస్తుండగానే గేటు ముందుకు వచ్చి హారన్ కొట్టేది. దాని తరవాతి బస్సు ఆ పల్లెలలోకి వెళ్ళదు; పలమనేరు రోడ్డు మలుపులో దించి తన దారిన పోతుంది.

"ముందు అందరూ కలిపే ఉండ్రి సార్," అని ప్రధానోపాధ్యాయుడు నాకు వివరించాడు. "పొద్దున పాఠం మధ్యలో ఒకడు లోపలికి వస్తాండె, సాయంత్రం ఇంకొకడు బయటికి పోతాండె. క్లాసు సంత మాదిరి ఉండె. అందరినీ ఎత్తి ఒక సెక్షన్లో వేసేస్తి. సరిపాయ. వాళ్ళకూ సదుపాయం, మనకూ సదుపాయం."

నాకది సబబుగానే తోచింది. క్రమాన్ని ఇష్టపడేవారికి క్రమం ఎక్కడ కనిపించినా సబబుగానే తోస్తుంది.

మా విద్యార్థులలో ఇద్దరిని ఆ రెండు సెక్షన్ల మీదే పరిశీలన రాయమన్నాను. ఒకడు పలమనేరు కుర్రవాడు. తండ్రి అక్కడి కూరగాయల మార్కెట్టులో మూటలు మోసేవాడు. కోపం ముక్కు మీదే ఉండేది; సంఘర్షణవాదం ఇవ్వండి సార్ అని అడిగి మరీ తీసుకున్నాడు. రెండవది గుడుపల్లె నుంచి వచ్చిన అమ్మాయి. తక్కువ మాట్లాడేది, ఎదుటివారి మాటను ఉన్నది ఉన్నట్టు పట్టుకునేది. ఆమెకు మూడవ సిద్ధాంతం అప్పగించాను. మొదటి సిద్ధాంతానికి వేరే మనిషి అక్కరలేదు, ప్రధానోపాధ్యాయుడు ఉన్నాడు. నేను పెట్టిన నిబంధన ఒక్కటే: చూడండి, రాసుకోండి, బడి వ్యవహారంలో కల్పించుకోవద్దు.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం, అన్నాలయ్యాక, మేము నలుగురమూ ప్రధానోపాధ్యాయుని గదిలో కూర్చున్నాము. కుర్రవాడు ఊరుకోలేదు.

"సార్, ఏ సెక్షన్లో ఉండేది టౌన్ పిల్లకాయలు. ఉద్యోగస్తుల బిడ్డలు, అంగళ్ళోళ్ళ బిడ్డలు. వాళ్ళకు లెక్కలు పొద్దున రెండో పీరియడ్. బస్సోళ్ళకు లెక్కలు ఆఖరి పీరియడ్. హారన్ కొడితే సగం లెక్కలో లేచి పోతాండారు. దీన్ని సదుపాయం అంటారా?"

"లెక్కల సారు ఒకడే గదప్పా," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు. "రెండు గదుల్లోకీ ఒకేసారి పంపించల్లంటే ఆయన్ని మధ్యకు కొయ్యల్ల."

"కొయ్యద్దు సార్. ఇన్నాళ్ళూ ఆ పక్క తిప్పి పెట్టినారు, ఇంక ఈ పక్క తిప్పండి అంటాండాను."

"నువ్వు హెడ్మాస్టర్ అయినాక తిప్పుదువులే."

గుడుపల్లె అమ్మాయి అంతసేపూ వింటూ కూర్చుంది. ఆమె పరిశీలన ఏమిటని నేను అడిగాను.

"ఏ సెక్షన్లో జవాబు తప్పు చెప్తే 'ఇంగోసారి ఆలోచించు' అంటాండారు సార్. బస్సు సెక్షన్లో తప్పు చెప్తే 'కూచో, బస్సు టైమైతాది' అంటారు. పొద్దున పూట కూడా అట్లే అంటాండారు." నోటుపుస్తకంలో పేజీ తిప్పి, "హోంవర్కు యాల చెయ్యలేదు అని అడిగితి. ఒక పిల్లోడు లేచి, 'మేం బస్సు గదా మేడం' అన్నాడు. మిగిలినోళ్ళెవరూ నవ్వలేదు. అది సరైన జవాబే అన్నట్టు ఉండారు," అంది.

ఆ అమ్మాయే మరొక మాట చెప్పింది. బస్సు సెక్షన్‌లో ఒక పిల్లకు లెక్కలంటే చాలా ఇష్టం. పదవ తరగతి తరవాత మదనపల్లెలో లెక్కల గ్రూపు తీసుకొని ఇంటర్ చదవాలని ఆ పిల్ల ఆశ. ఆ ఒక్క పిల్లనైనా ఏ సెక్షన్‌కు మార్చగలరా అని ఆమె అడిగింది. చూద్దామన్నాడు ప్రధానోపాధ్యాయుడు. మన కార్యాలయాలలో ఆ మాటకు అర్థమేమిటో మీకు ముందు ముందు తెలుస్తుంది.

తరవాత జరిగింది ఇది. బోధనాభ్యాసం ముగింపుకు వచ్చింది. పలమనేరు కుర్రవాడు బస్సు సెక్షన్‌లో తన చివరి పాఠం చెప్పి, పిల్లల దగ్గర సెలవు తీసుకుంటూ, నా నిబంధనను పక్కన పెట్టాడు. "మిమ్మల్ని ఎనకబెట్టేదానికే ఈ బస్సు సెక్షన్ పెట్టినారు. దీన్ని ఎత్తేయల్ల. ఎత్తేసేదాకా నేను ఊరుకోను," అని ఉపన్యాసమిచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారట. ఆ సాయంత్రం వారు బస్సెక్కి, తమకు అర్థమైనంతవరకు ఆ వార్తను ఇళ్ళకు మోసుకుపోయారు. పల్లెలో సెక్షన్ అనే మాట ఎవరికి కావాలి? ఆ మాట దారిలోనే జారిపోయింది. ఇళ్ళకు చేరిన వార్త ఇంతే: బస్సు ఎత్తేస్తారంట.

ఆ మరునాడు నేను మార్కుల పని మీద పుంగనూరు వెళ్ళాను. మా ఇద్దరు విద్యార్థులూ వచ్చి ఉన్నారు. ప్రధానోపాధ్యాయుని గది వాకిట్లో ఒక నడివయసు స్త్రీ, ఆమె పక్కన స్కూలు బట్టల్లో ఒక అమ్మాయి నిలబడి ఉన్నారు. లెక్కలు ఇష్టమన్న పిల్ల ఈ పిల్లేనని గుడుపల్లె అమ్మాయి నా చెవిలో చెప్పింది. తల్లి చేతిలో అర్జీ ఉంది. టీసీ ఇమ్మని అడగడానికి వచ్చింది.

"యాలమ్మా ఇప్పుడు టీసీ? పరీక్షలు దగ్గరికి వస్తాండాయి," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు.

"బస్సు ఎత్తేస్తాండారంట గదా సార్. ఇంక యాడ సదివేది? చీకటిపడి మొబ్బయినాక రోడ్డుకాడ దిగి, ఆ మామిడి తోపుల్లో పడి ఒంటిగా నడిచి రావల్ల. నేను పంపను."

"బస్సు ఎవురు ఎత్తేస్తారమ్మా? అది నా చేతిలో ఉండాదా?"

"పిల్లకాయలంతా చెప్తాండారు. కొత్త సారు ఎవురో ఎత్తేస్తామని చెప్పినాడంట."

కొత్త సారు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. అతని ముఖం ఎర్రబడింది. అయినా ముందుకు వచ్చి, "నేనే అమ్మా చెప్పింది. బస్సును గాదు. బస్సు సెక్షన్ను ఎత్తేయల్ల అంటి. మీ పాపకు మంచిదని చెప్తి. ఏ సెక్షన్లో కలిపేస్తే లెక్కలు బాగా చెప్తారు," అన్నాడు.

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది.

"ఆ సెక్షనోళ్ళు ఇంటికి ఎప్పుడు పోతారప్పా?"

"బడి వదిలినాక."

"అప్పటికి మా బస్సు ఉంటాదా?"

అతడు తల అడ్డంగా ఊపాడు.

"మల్ల రెండూ ఒకటే గదప్పా," అంది ఆమె. "మా ఆయన ముందునుంచీ అంటానే ఉండాడు. ఆవులు ఈనినాయి, పాలు పిండేదానికి ఇంటికాడ ఇంగో మనిషి ఉంటే బాగుంటాది, ఆయమ్మిని మాన్పించేస్తామని. నేనే, బస్సు ఉండాది గదా, పోయి వస్తాది లే అని నెట్టుకొస్తాండాను. బస్సు మాట ఇన్నాక ఆయనకు ఇంగేం గావల్ల?"

ఇప్పుడు గదిలోని పరిస్థితిని గమనించండి. ప్రధానోపాధ్యాయుడు అల్లరి తగ్గించడానికి పెట్టిన సెక్షన్, ఆయనకే తెలియకుండా ఆడపిల్లలను చీకటి పడకముందు ఇళ్ళకు చేరుస్తోంది. దానివల్లనే వారు బడికి రాగలుగుతున్నారు. కుర్రవాడు అన్యాయమన్నది కూడా అబద్ధం కాదు. కానీ ఆ అన్యాయాన్ని అతడు చెప్పినట్టు తొలగిస్తే, ఎవరి కోసం తొలగించాడో వారే ముందుగా బడికి దూరమవుతారు. నా మూడు గడుల పట్టికలో ఇటువంటి చిక్కుకు చోటు ఎక్కడా లేదు.

ప్రధానోపాధ్యాయునికి దారి దొరికినట్టయింది. "సూసినావా అప్పా? నేను పెట్టింది మంచికే," అన్నాడు కుర్రవాడితో. తరవాత తల్లి వైపు తిరిగి, "ఏ సెక్షనూ ఎత్తేయనమ్మా. ఎప్పటి మాదిరే ఉంటాది. అర్జీ ఎనక్కి తీస్కొని పో," అన్నాడు.

ఆమె కదలలేదు. "ఎప్పటి మాదిరే అంటే మా పాపకు లెక్కలు చెప్తారా సార్? ఈయమ్మి పుస్తకం ఎనక నుంచి సదవతాంటాది. అందురూ ముందు నుంచి సదివితే ఈమి యాల ఎనక నుంచి సదవతాది అని నాకు బయమైతాది."

ప్రధానోపాధ్యాయుడు కళ్ళద్దాలు తీశాడు. "ఎనక నుంచి అంటే ఏందమ్మా?" అని పిల్లను అడిగాడు.

ఆ పిల్ల తల్లి కొంగు పక్క నుంచి బయటికి వచ్చి మెల్లగా చెప్పింది. "ఆఖర్న జవాబులుంటాయి గదా సార్. అది సూసి, ఆడ నుంచి లెక్క మొదుటికి వస్తాను."

"ముందు నుంచి యాల చెయ్యవు?"

"ముందు నుంచి చేస్తే జవాబు దాకా పోలేము సార్. హారన్ కొడతారు."

ఆ మాట ఫిర్యాదులా లేదు. వానాకాలంలో వాన పడుతుందన్నట్టు చెప్పింది. బడి తెరిచినప్పటి నుంచీ ఆ తరగతిలో ఒక లెక్క మొదలు నుంచి చివరి వరకు పూర్తయి ఉండకపోవచ్చునని నాకు అప్పుడు తట్టింది. ప్రధానోపాధ్యాయునికి నాకంటే ముందే తట్టి ఉండాలి. ఆయన గాజు కింది నుంచి కాలపట్టికను బయటికి తీశాడు. తీసి, చేత్తో పట్టుకొని, చాలాసేపు చూశాడు.

"ఏ సెక్షన్ రెండో పీరియడ్ తీసి వీళ్ళకు ఇయ్యచ్చు," అన్నాడు చివరికి, ఎవరితోనూ కానట్టు. "వాళ్ళ లెక్కలు సాయంత్రానికి పోతాయి. ఆ పేరెంట్స్ వచ్చి నా మెడ మీద కూచుంటారు."

"ఇప్పుడు తెలిసిందా సార్ అది ఎవురి సదుపాయమో..." అని కుర్రవాడు అందుకున్నాడు.

"నువ్వు ఇప్పటికి మాట్లాడింది చాలప్పా," అన్నాను. అతడు ఆగాడు. నేను ప్రధానోపాధ్యాయునితో, "ఆ తల్లిదండ్రులు తప్పక వస్తారు. వారికి టీసీలు తీసుకునే అవసరం మాత్రం ఉండదు," అన్నాను. అంతకంటే సలహా ఇచ్చే అధికారం నాకు లేదు.

ఆయన స్కేలు తీసుకున్నాడు. ఏ సెక్షన్ గడిలోని లెక్కల మీద ఎర్ర సిరాతో గీత కొట్టాడు, కింద కొత్త గడిలో నింపాడు. తల్లికి అర్థమయ్యేలా గుడుపల్లె అమ్మాయి చెప్పింది: బస్సు మారదు, సెక్షన్ మారదు, లెక్కలు మాత్రం రేపటి నుంచి పొద్దున పూట.

తల్లి చేతిలోని అర్జీని చూసుకుంది. "నాకు సమ్మతమే. ఇంటికాడ ఆయన ఏమంటాడో. పంపిస్తానని ఇప్పుడే మాట ఇయ్యలేను సార్."

"సరేమ్మా. అర్జీ నా దగ్గరే ఉండనీ," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు. "రేపు పొద్దున బస్సులో పాప దిగితే చించేస్తా. దిగకపోతే సంతకం పెట్టి ఇస్తా."

వరుస తప్పడం నాకు ఇష్టముండదు. అయినా ఆ మార్పు వల్ల తరవాత ఏమయిందో ఇక్కడే చెప్పి ఆ మరునాటికి వస్తాను. ఏ సెక్షన్ తల్లిదండ్రులు అనుకున్నట్టే వచ్చారు. ఇది కేవలం సదుపాయం కోసం చేసిన మార్పని ప్రధానోపాధ్యాయుడు వారికి ఎంతో మర్యాదగా వివరించాడట. అర్ధసంవత్సర పరీక్షలు వచ్చేనాటికి లెక్కల ఉపాధ్యాయుడు, "ఏ సెక్షనోళ్ళవి నిద్రమొగాలు, వాళ్ళకు లెక్కలు ఎక్కవు," అని స్టాఫ్ రూములో అనడం మొదలుపెట్టాడు. అంతకు మునుపు అదే నోటితో ఆ పిల్లలను చురుకైనవారని పొగిడిన మనిషి ఆయన. మారింది పిల్లలు కాదు, గంట. గుడుపల్లె అమ్మాయికి ఆ పరిశీలన పూర్తి చేసే అవకాశం ఇవ్వలేకపోయామని నాకు ఇప్పటికీ కొరతగా ఉంటుంది. చివరికి ప్రధానోపాధ్యాయుడు వారానికొకసారి రెండు సెక్షన్ల పీరియడ్లు అటు ఇటు మారేటట్లు చేసి, ఉదయం పీరియడ్ ఏ సెక్షన్‌కు వెళ్ళిన వారంలో బస్సువారికి మధ్యాహ్నం అన్నం గంటకు ముందు లెక్కలు ఉండేలా సర్దాడు. ఆ కాలపట్టిక చూడడానికి చాలా వికారంగా ఉండేది. మూడు రంగుల సిరా పట్టింది.

మీరు ముగ్గురిలో ఎవరు సరి అని అడుగుతారు. మా విద్యార్థులూ అడిగారు. పరీక్షలో అలా తీర్పు రాస్తే నేను మార్కులు తగ్గించేవాణ్ణి. ఒక ఏర్పాటు ఎందుకు ఉందో అడగకుండా దాన్ని కూల్చబోకండి; అది ఉండడానికి కారణముందని తెలిసిన మాత్రాన, దాని బరువు ఎవరి వీపు మీద పడుతోందో చూడడం మానకండి. ఇక ఆ పిల్లలు తమను ఏమని పిలుచుకుంటున్నారో వినకపోతే, ఈ రెండు పనులూ చేసి కూడా మీకు తరగతి గది తెలిసినట్టు కాదు. ఉపాధ్యాయులైనవారికి ఈ మూడూ కలిపి ఒకే పని. దాన్ని మూడు గడులుగా విడదీసింది నాబోటివాళ్ళు, బోధన సౌకర్యం కోసం.

ఇక ఆ మరునాడు.

నాకు పుంగనూరులో పని లేదు. అయినా వెళ్ళాను. పలమనేరు కుర్రవాడు నాకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. నమస్కారం పెట్టి, మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు. ప్రార్థన అయిపోయింది. పిల్లలు తరగతులకు వెళ్ళారు. బస్సు సెక్షన్ గది రోజూ లాగే ఖాళీగా ఉంది. రోజూ బస్సు వచ్చే వేళ దాటింది, బస్సు రాలేదు. సంత రోజు. దారంతా పశువులను తోలుకొచ్చే జనమని ఎవరో చెప్పారు.

మొదటి పీరియడ్ ముగిసే వేళ అయింది. లెక్కల ఉపాధ్యాయుడు సుద్దముక్క చేతిలో పట్టుకొని ఖాళీ గది గుమ్మంలో నిలబడ్డాడు. "నన్నేం చెయ్యమంటారు సార్, బెంచీలకు చెప్పమంటారా?" అని ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగాడు. అటెండరు గంట దగ్గరికి వెళ్ళి సుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఉండప్పా," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు. "ఇప్పుడే కొట్టద్దు."

అటెండరు నమ్మలేనట్టు చూశాడు. ఈ ప్రధానోపాధ్యాయుడు ఆ బడికి వచ్చిన తరవాత గంట ఎన్నడూ ఆగలేదట. నేను నా చేతి గడియారం చూసుకున్నాను. చూసి, చొక్కా చేయి కిందికి లాక్కున్నాను.

చివరికి బస్సు వచ్చింది. గేటు ముందు ఆగగానే పిల్లలు బిలబిలా దిగారు. కుర్రవాడు ఒక్కొక్క ముఖమే చూస్తున్నాడు. మగపిల్లలు దిగారు. ఆడపిల్లలు గుంపుగా దిగారు. ఆ గుంపులో ఆ పిల్ల లేదు. కండక్టరు తలుపు మూయబోయి, లోపలికి చూసి ఆగాడు. ఆ పిల్ల వెనక సీటు నుంచి వస్తోంది. ఒక చేత్తో పుస్తకాల సంచి, రెండవ చేత్తో పాల క్యాను. దారిలో పాల డిపోలో పోయడానికి తండ్రి ఇచ్చి పంపిన పాలట. పశువుల మందల మధ్య బస్సు డిపో దగ్గర ఆగక క్యాను అలాగే బడికి వచ్చేసింది. బడికి పంపడానికి ఆయన పెట్టిన షరతు అదేనని తరవాత తెలిసింది.

కుర్రవాడు ఎదురు వెళ్ళి క్యాను అందుకున్నాడు. ఆ పిల్ల ఆవరణలో నిలబడి అటూ ఇటూ చూసింది. అన్ని గదుల నుంచి పాఠాల చప్పుడు వస్తోంది. గుమ్మంలో ఉన్న ప్రధానోపాధ్యాయుణ్ణి చూసి గబగబా వచ్చింది.

"లెక్కలు అయిపాయనా సార్?"

"ఇంకా మొదులు కాలేదమ్మా," అన్నాడు ఆయన. "పో, పొయ్యి ముందర కూచో." అని అటెండరుకు చెయ్యి ఊపాడు.